తోంగ్బా చోళ్లది, అరికలది కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో సిక్కిం యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాం. ఫోటోలు బాగున్నాయి, దారి వివరాలు పనికొచ్చేలా ఉన్నాయి. కానీ అక్కడి మనుషుల గురించి, వాళ్ల తిండి గురించి, పండగల గురించి రాసిన చోట తప్పులు దొర్లాయి. వేసవి సెలవులకి మా విశాఖ నుంచి వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూ జల్పాయిగురిలో దిగే కుటుంబాలు ఇలాంటి వ్యాసాలు కత్తిరించి దగ్గర పెట్టుకుంటాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

చలికి అక్కడివాళ్లు తాగే తోంగ్బాని 'అరికలతో కాచిన సారా' అన్నారు. అది అరికలది కాదు, సారా అసలే కాదు. పొరపాటు ఎలా జరిగిందో ఊహించగలం. ఆ గింజని నేపాలీలో 'కోదో' అంటారు. హిందీలో కోదో అంటే అరికలు. హిందీ తెలిసినవాళ్లకి ఆ మాట వినగానే అరికలే తడతాయి. తీస్తా నది ఒడ్డు కొండల్లో నేపాలీ మాట్లాడే మనిషి కోదో అంటే మాత్రం అవి రాగులు. మన ఉత్తరాంధ్ర మాటలో చోళ్లు. మనం అంబలి కాచుకునే ఆ చోళ్లే. రైతు బజారులో దొరికే గింజ పేరు రాయాల్సిన చోట ఇంకో గింజ పేరు పడేసరికి, మన పాఠకుడికి ఇట్టే తెలిసిపోయే సంగతి కాస్తా వింత వస్తువైపోయింది.

సారా ఎందుకు కాదో తెలియాలంటే తయారీ తెలియాలి. చోళ్లని చెరిగి, కడిగి, అరగంట ఉడకబెడతారు. గింజ మెత్తబడాలి గాని చితకకూడదు. నీళ్లు పూర్తిగా వార్చేసి వెదురు చాప మీద పలచగా ఆరబోస్తారు. చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా తగలనంత చల్లారాక మార్చా అనే బిళ్లని పొడి చేసి చల్లుతారు. కిలో గింజకి 10 నుంచి 20 గ్రాముల పొడి చాలు. అడుగు నుంచి పైకి బాగా కలిపి, ఫెర్న్ ఆకులో అరటాకులో పరిచిన వెదురు బుట్టలోకి ఎత్తి, గోనెపట్టా కప్పి 2 నుంచి 4 రోజులు కదపకుండా ఉంచుతారు. ఈ దశలో మార్చాలో ఉండే బూజు గింజలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. బుట్టలోంచి తియ్యటి వాసన వస్తే ఆ పని అయినట్టు. అప్పుడు దాన్ని మట్టికుండలోకి మార్చి, మూతి గాలి చొరకుండా బిగిస్తారు. వేసవిలో 3, 4 రోజులు, చలికాలంలో 5 నుంచి 7 రోజులు. ఇక్కడ పని ఈస్టుది. చక్కెర మెల్లగా ఆల్కహాల్ అవుతుంది. ఇలా తయారైన గింజ పేరు జాండ్. అందులో ఆల్కహాల్ సుమారు 5 శాతం. జాండ్‌ని బట్టీ పెట్టి ఆవిరి పట్టి తీసేది వేరే ఉంది, దాన్ని రక్సీ అంటారు. మీ వ్యాసంలోని సారా అన్న మాట రక్సీకి సరిపోతుంది, తోంగ్బాకి సరిపోదు.

చెడిపోయేది కూడా సరిగ్గా ఈ మలుపుల దగ్గరే. వేడి తగ్గకముందే మార్చా కలిపితే అందులోని జీవం చస్తుంది, ఇక ఎన్నాళ్లుంచినా గింజ పాచిపోవడమే. నీళ్లు సరిగా వార్చకపోతే గింజ ముద్దకట్టి కింద పొరకి గాలి ఆడదు, తీపి ఎక్కకముందే పులుపు తిరుగుతుంది. కుండ మూత వదులైతే గాలి చొరబడి వెనిగర్ వాసన కొడుతుంది. అన్నీ సరిగా చేసి రోజులు మరిచిపోయినా ఘాటూ పులుపూ పెరిగి తాగలేనట్టు అవుతుంది. గాంగ్‌టక్ సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. పైన చెప్పిన రోజుల లెక్క ఆ చల్లదనానికి కుదిరింది. మే నెల విశాఖ ఉక్కకి ఆ లెక్క కుదరదు.

వ్యాసంలో ఊసే లేనిది మార్చా. నిజానికి ఈ విద్యంతా అందులోనే ఉంది. జిగురు బియ్యాన్ని 8 నుంచి 10 గంటలు నానబెట్టి రోట్లో దంచుతారు. కిలో బియ్యప్పిండికి 5 గ్రాముల అల్లం, రెండున్నర గ్రాముల చిత్రమూలం వేరు, గ్రాము పైచిలుకు చొప్పున ఎండుమిర్చి, సహదేవి పూలు, అక్కడ భీమ్‌సేన్ పాతీ అని పిలిచే మొక్క ఆకులు వేస్తారు. పాత మార్చా పొడి ఒక 10 గ్రాములు తోడుగా పడుతుంది. పెరుగుకి తోడు లేకపోతే ఎలాగో దీనికీ అంతే. నీళ్లతో ముద్ద చేసి బిళ్లలు తట్టి, పొయ్యి మీదుగా ఉండే వెదురు అటక మీద పచ్చి ఫెర్న్ ఆకులు పరిచి వాటిపై పేరుస్తారు. పైన ఎండు ఫెర్న్, గోనెపట్టా కప్పుతారు. 1 నుంచి 3 రోజుల్లో బిళ్లలు ఉబ్బి పులిసిన వాసన వేస్తాయి. తర్వాత రెండు మూడు రోజులు ఎండబెడితే నెలల తరబడి నిలవుంటాయి. చిత్రమూలం, సహదేవి మన పల్లె వైద్యంలోనూ వాడేవే. అల్లం, మిర్చి వేసేది దుష్టశక్తులు దగ్గరికి రాకుండా అని తయారుచేసేవాళ్ల నమ్మకం. పనికిరాని సూక్ష్మజీవులు పెరగకుండా అవి అడ్డుపడతాయని ఆహార శాస్త్రం చెబుతుంది. ఈ బిళ్ల చేసేది ఎక్కువగా లింబూ, రాయ్ అనే కొండజాతుల ఆడవాళ్లు. వారపు సంతల్లో మాల గుచ్చినట్టు కట్టి అమ్ముతారు. కొలతలు తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చేతి అంచనాగానే అందుతాయి. ఈ బిళ్లే లేకపోతే ఆ కొండల్లో చోళ్ల జాండ్ లేదు, బియ్యపు జాండ్ లేదు, రక్సీ లేదు.

తాగే పద్ధతిలోనూ వ్యాసం తడబడింది. తోంగ్బా అనేది అసలు పాత్ర పేరు. వెదురుతో గాని కర్రతో గాని చేస్తారు. అందులో జాండ్ నింపి పైదాకా వేడినీళ్లు పోస్తారు. సలసల కాగే నీళ్లు వద్దు, గోరువెచ్చని నీటికి కాస్త ఎక్కువ చాలు. 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. అప్పటికి గింజలోని సారం నీళ్లలోకి దిగి పాలలా తెల్లబడుతుంది. సన్నని వెదురు గొట్టంతో పీలుస్తారు, దాని పేరు పిప్సింగ్. అడుగు మూసి ఉంటుంది, నలుసు లోపలికి రాకుండా పక్కన చిన్న బెజ్జం పెడతారు. కొత్తవాళ్లు చేసే పొరపాటు గొట్టంతో గింజని కలియబెట్టడం. అలా చేస్తే పొట్టు వచ్చి బెజ్జం పూడుకుపోతుంది, ఇక పీల్చినా రాదు. అయిపోయాక రెండు మూడుసార్లు మళ్లీ నీళ్లు పోస్తారు. ఇంటివాళ్లు పోస్తూ ఉంటారు, అతిథి తనంతట తాను పోసుకోకూడదు. తియ్యగా దిగుతుంది కాబట్టి ఏమీ కాదనుకుంటారు. లేచి నిలబడ్డాక తెలుస్తుంది.

ఇదంతా సిక్కిం వాళ్లందరిదీ అని ఒక్క మాటలో తేల్చడం మరో పొరపాటు. తోంగ్బా ముఖ్యంగా లింబూలది. పెళ్లిమాటలకి వెళ్లినా, చావుకి వెళ్లినా, తగువు తీర్చుకోవడానికి వెళ్లినా వాళ్లింట అది ముందు పెట్టడం మర్యాద. లెప్చాలు ఇలాంటి చోళ్ల పానీయాన్నే 'ఛీ' అంటారు. బోంగ్‌థింగ్ అనే పూజారి కాంచన్‌జంగకి చేసే అర్పణలో ఛీ ఉండాలి. మన ఏజెన్సీలో జీలుగు కల్లుని మొదట పెద్దలకి, దేవతలకి వదిలినట్టే. భూటియాలది ఛ్యాంగ్. ఆ కొండల్లోనే ఉండే బాహున్లు, అంటే నేపాలీ మాట్లాడే బ్రాహ్మణులు, సంప్రదాయంగా దీన్ని ముట్టరు. ఈ తేడా కేవలం అలవాటు తేడా కాదు. 1854లో నేపాల్‌లో జంగ్ బహదూర్ రాణా ప్రకటించిన ములుకీ ఐన్ అనే చట్టం ప్రజల్ని వరసల్లో పెట్టినప్పుడు, జంధ్యం వేసుకునేవాళ్లని 'తాగాధారీ' అని పైన పెట్టి, ఈ కొండజాతుల్ని 'మత్వాలీ', అంటే మద్యం తాగేవాళ్లు, అని వాళ్ల కింద పెట్టింది. మనిషి వరసని బట్టి శిక్షలు సైతం మారేవి. అందుకే లింబూ ఇంటి పెద్దావిడ ఎంతో గౌరవంగా ముందు పెట్టిన పాత్రని 'సారా' అంటే ఆ పాత అవమానాన్ని మళ్లీ పలికినట్టే. రాసినవారికి ఆ ఉద్దేశం లేదని మాకు తెలుసు, అయినా ఆ మాట అలాగే తగులుతుంది.

కినెమా గురించి 'కుళ్లిన సోయా కూర' అని రాశారు. దయచేసి ఆ మాట మార్చండి. సోయా గింజల్ని రాత్రంతా నానబెట్టి, రెండు మూడు గంటలు మెత్తగా ఉడికించి, నీళ్లు వార్చి, పప్పు బద్దలయ్యేలా రోట్లో తేలిగ్గా దంచుతారు. నూటికి ఒక పాలు కట్టెల బూడిద కలిపి, ఫెర్న్ ఆకులు పరిచిన బుట్టలో గోనె కప్పి, పొయ్యికి దగ్గరగా వెచ్చని చోట 1 నుంచి 3 రోజులు ఉంచుతారు. గింజ చుట్టూ తెల్లని జిగురు తీగలు సాగితే అయినట్టు. బూడిద వేసేది ఊరికే కాదు, దాని క్షార గుణం కినెమాకి కావాల్సిన బాక్టీరియాకి అనుకూలం. వాసన ఘాటుగా ఉంటుంది. మరి ఫిషింగ్ హార్బర్ పక్కన ఎండబెట్టిన నెత్తళ్ల వాసనకి అలవాటుపడిన మనం ఇంకొకరి కూరని కుళ్లు అనడం బాగోదు కదా. నూనెలో ఉల్లి, టమాటాతో వేయించి కూర చేసుకుంటే అన్నంలోకి మాంసానికి బదులు నిలబడే మాంసకృత్తులు అందులో ఉంటాయి. పేరు కూడా లింబూ మాటే.

ఇక మనుషుల పేర్లు. వ్యాసంలో 'సిక్కింలో నేపాలీలు, భూటాన్ నుంచి వచ్చినవాళ్లు' అని ఉంది. భూటియాలు భూటాన్ వాళ్లు కారు. భోట్ అంటే టిబెట్, అటునుంచి కొన్ని వందల ఏళ్ల కిందట వచ్చి స్థిరపడినవాళ్లు భూటియాలు. తమని తాము ల్హోపో అని, తమ నేలని దెంజోంగ్, అంటే వరి లోయ, అని పిలుచుకుంటారు. వాళ్లకంటే ముందునుంచీ ఉన్న లెప్చాలు తమని రోంగ్ అంటారు. లింబూలు తమని యాక్‌థుంగ్ అంటారు. ఈ ముగ్గురికీ వేర్వేరు భాషలు. లెప్చాకీ లింబూకీ సొంత లిపులున్నాయి, లింబూ లిపిని సిరిజంగా అంటారు. సిక్కిం 1977లో నేపాలీ, భూటియా, లెప్చాలనీ, 1981లో లింబూనీ రాష్ట్ర అధికార భాషల్లో చేర్చింది. నేపాలీ అనేది అందరినీ కలిపే మాట్లాడే భాష. దాన్ని మాట్లాడినంత మాత్రాన రాయ్, గురుంగ్, మగర్, తమాంగ్, నేవార్ అందరూ ఒకటే జాతి అయిపోరు.

పేరు తప్పితే నష్టమేమిటి అనిపించవచ్చు. అక్కడ పేరు మీదే హక్కులు నిలబడి ఉన్నాయి. 1975లో సిక్కిం మన దేశంలో 22వ రాష్ట్రంగా కలిసింది. 1978 ఉత్తర్వుతో భూటియాలు, లెప్చాలు షెడ్యూల్డు తెగలయ్యారు. ఆ ఉత్తర్వులో భూటియా అన్న పేరు కిందే షెర్పాలు, యొల్మోలు, కాగతేలు కూడా వచ్చారు. లింబూలు, తమాంగ్‌లు అదే గుర్తింపు కోసం 2003 దాకా ఆగాల్సి వచ్చింది. శాసనసభలోని 32 స్థానాల్లో 12 భూటియా-లెప్చాలకి, ఒకటి బౌద్ధ మఠాల సంఘానికి ప్రత్యేకించారు. లింబూ, తమాంగ్‌లు తమ వాటా ఇంకా అడుగుతూనే ఉన్నారు. వీళ్లందరినీ 'నేపాలీలు' అని ఒక్క మూటలో కడితే ఆ అడగడానికి అర్థమే ఉండదు.

లోసార్ విషయం కూడా అంతే. 'జనవరిలో లోసార్, సిక్కిం వాళ్ల ఉగాది' అని ఒక్క పండగగా రాశారు. గురుంగ్‌లది తము లోసార్, డిసెంబరు 30 ప్రాంతంలో. తమాంగ్‌లది సోనమ్ లోసార్, మాఘ శుద్ధ పాడ్యమినాడు. షెర్పాలదీ టిబెటన్లదీ గ్యాల్పో లోసార్, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. భూటియాలు కోతలయ్యాక చేసేది లోసూంగ్, అదే రోజుల్లో లెప్చాలది నామ్‌సూంగ్. తేదీ చూసుకోకుండా వెళ్తే ఒకరి పండగ అయిపోయి ఇంకొకరిది మొదలవకుండా ఉంటుంది. రాయ్‌ల సకేలా పండగ ఏడాదికి రెండుసార్లు. వైశాఖ పున్నమికి పక్షులు కొండలపైకి వెళ్లే వేళ ఉభౌలీ, మార్గశిర పున్నమికి కిందికి దిగే వేళ ఉధౌలీ. అప్పుడు ఆడే ఆటలో అడుగులు విత్తు చల్లడం, కోయడం, నూర్చడం, పక్షుల కదలికల్ని అనుకరిస్తాయి. నేలకి, పూర్వీకులకి చేసే పూజలో భాగం కాబట్టి దాన్ని 'జానపద వినోదం' అనకండి.

ఇదే సందర్భంలో మన తెలుగు పత్రికలన్నిటికీ ఒక మాట. షెర్పా అంటే కొండలెక్కించే కూలీ కాదు. తూర్పు నుంచి వచ్చినవాళ్లు అని ఆ మాటకి అర్థం, అదొక జాతి పేరు. 2014లో మన పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచీ ఆ మాట తెలుగు వార్తల్లో బాగా నలుగుతోంది, కానీ ఉద్యోగం పేరులా వాడేస్తున్నారు. గైడు తమాంగ్ కావచ్చు, రాయ్ కావచ్చు, షెర్పా బడి పంతులు కావచ్చు. అలాగే మన అపార్ట్‌మెంట్లలో రాత్రి ఈల వేసుకుంటూ తిరిగే ఎవరినైనా 'గూర్ఖా' అనేస్తాం. గోర్ఖా నేపాల్‌లో ఒక చోటి పేరు. సైన్యంలో ఆ పేరుతో చేరినవాళ్లు పడమటి కొండల గురుంగ్‌లు, మగర్‌లు, తూర్పు కొండల రాయ్‌లు, లింబూలు. స్వాతంత్ర్యం తర్వాత బ్రిటిష్ సైన్యంలోకి మారడానికి ఒప్పుకోని రాయ్, లింబూ సైనికుల కోసమే 1948లో 11వ గోర్ఖా రైఫిల్స్‌ని నిలబెట్టారు. ఆ పేరు వెనక ఇంత ఉంది. ఇక్కడ కాపలా ఉద్యోగం చేసే మనిషిని పేరు అడిగి పేరుతో పిలవడానికి ఎంతసేపు పడుతుంది?

వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. ఖదా అనే తెల్లటి కండువా రెండు చేతుల మీదా పరిచి ఇవ్వాలి, రెండు చేతులతోనే అందుకోవాలి. లామాకి ఇచ్చేటప్పుడు మన శాలువా కప్పినట్టు ఆయన మెడలో వేయకూడదు. చేతుల్లో పెడితే ఆయనే దాన్ని తిరిగి మన మెడలో వేస్తారు. చోర్టెన్ అనే బౌద్ధ స్తూపం, మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడ ఎదురైతే గుడి ప్రదక్షిణలాగే కుడివైపు ఉంచుకుని దాటాలి. అయిదు రంగుల మంత్రపతాకాలు ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమికి గుర్తులు. కొని తెచ్చి బైకు హ్యాండిల్‌కి కట్టడం, నేలమీద పెట్టడం తగదు. గుట్టల మీద నిలువు గెడలకి వరసగా కట్టిన తెల్ల జెండాలు చాలావరకు చనిపోయినవాళ్ల కోసం నిలిపినవి. వాటి ముందు నిలబడి నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు, మీ వ్యాసానికి పెట్టిన మొదటి ఫోటో అలాంటిదే. వ్యూ పాయింట్ల దగ్గర అద్దెకిచ్చే భూటియా దుస్తుల్లో ముందు కట్టే చారల గుడ్డ పాంగ్‌దెన్. అది పెళ్లయిన స్త్రీలు కట్టేది. పెళ్లి కాని అమ్మాయికి కట్టి ఫోటో తీస్తే మన దగ్గర కన్నెపిల్లకి మెట్టెలు తొడిగినట్టు ఉంటుంది.

జోంగూ గురించి 'అందమైన లోయ, తప్పక చూడండి' అని వదిలేశారు. అది లెప్చాలకి కేటాయించిన ప్రాంతం. లెప్చాలు కానివాళ్లు, సిక్కిం వాసులైనా సరే, అనుమతి పత్రం లేకుండా లోపలికి వెళ్లకూడదు. గుర్తింపు కార్డు నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ముందే పంపితే ఆతిథ్యం ఇచ్చే ఇంటివాళ్లే మంగన్ పట్టణంలో అనుమతి తీసి ఉంచుతారు. తీరా వంతెన దాకా వెళ్లి వెనక్కి తిరిగితే ఒక రోజు పోతుంది. 2023 అక్టోబరు 4న దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి తీస్తాకి వచ్చిన వరదలో ఉత్తర సిక్కిం వంతెనలు, రోడ్లు బాగా దెబ్బతిన్నాయి. బయల్దేరే రెండు రోజుల ముందు దారి సంగతి ఆ ఇంటివాళ్లనే ఫోన్‌లో అడగడం మేలు. మీ వ్యాసంలోని దూరాలు, గంటలు పాత రోడ్డు లెక్కలు.

సవరణ వేయమని కోరుతున్నాం. లోపలి పేజీ అడుగున రెండు వరసలుగా కాకుండా, ఆదివారం పేజీల్లోనే వేయండి. అరికలు అన్నచోట చోళ్లు, సారా అన్నచోట జాండ్, భూటాన్ వాళ్లు అన్నచోట భూటియాలు, కుళ్లిన అన్నచోట పులియబెట్టిన. తెల్ల జెండాల ఫోటో ఇంటర్నెట్ సంచిక నుంచి తీసేయండి. జోంగూ పేరు పక్కన అనుమతి కావాలన్న మాట చేర్చండి, సెలవులకి టిక్కెట్లు తీసుకునేవాళ్లు ఇప్పటికే ఆ పేజీ చూస్తున్నారు.

ఇట్లు,
మానవశాస్త్రం, ఆహార శాస్త్రం చదివిన కొందరు పాఠకులు,
విశాఖపట్నం